వెళ్ళిన తేదీ

నైటు డ్యూటీ దిగితే
హెల్మెట్ లోపల ఇంకా పోర్టు బొగ్గు వాసన.
హనుమంతవాక దగ్గర ఒక టీ, ఒక బన్ను.
ఆరున్నరకి ముడసర్లోవ గట్టు మీద ఉంటాను.

కెమెరా పాతది. పూర్ణామార్కెట్లో కొన్నాను.
దాని మొదటి యజమాని పెళ్ళిళ్ళు తీసేవాడట.
అందుకేనేమో, ఎదురుగా మనిషి ముఖం ఉంటేనే
దానికి చూపు కుదురుతుంది.
పిట్టలకీ ముఖాలుంటాయని
ఇంకా నమ్మకం కలగలేదు.

మార్చి ఆఖరు. నీరు తగ్గి బురద బయటపడింది.
తేలే సోలార్ పలకల వరస మీద
నీటికాకులు రెక్కలు ఆరేసుకున్నాయి.
కరెంటు మనకి, ఎండ వాటికి.

ఇవతల బురదలో ముప్పై ఏడు.
పుస్తకంలో ఇంగ్లీషు పేరే ఉంది,
నేను బంగారు ఉల్లంకులు అంటాను.
నవంబరులో దిగినప్పుడు ఎండుగడ్డి రంగు,
అడుగు దూరంలో ఉన్నా కనపడనంత అణకువ.
ఇప్పుడు రొమ్ము మీద నల్లమచ్చలు,
కార్బన్ కాగితం తగిలినట్టు, ఒక్కో ఈకా.
వారం తిరిగేసరికి పొట్టంతా నలుపు,
మెడ పక్కన తెల్లంచు.
ఎక్కడో మంచు కరిగే నేల మీద పెళ్ళి,
బట్టలు మాత్రం మా బురదలో కుట్టించుకుంటున్నాయి.

మోకాళ్ళ మీద, తర్వాత పొట్ట మీద పాకాను.
జేబులో గేటు పాసు తడిసింది.
నాలుగు వందల పన్నెండు క్లిక్కులు:
మూడొందలు గడ్డిపరకలే,
కొన్నింట్లో నా వేలు,
ఒకదాంట్లో తోక మాత్రం, చాలా స్పష్టంగా.
ఒక్కటే కుదిరింది.
వానపాము రబ్బరుబ్యాండులా సాగుతోంది,
ఉల్లంకి కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలింది.

సెక్షన్లో చూపించాను.
"తింటారేంటి వీటిని?" అన్నాడు భీమశంకరం.
తప్పు పట్టను, అప్పటికింకా వాడి క్యారేజీ రాలేదు.

నాకో నోట్‌బుక్ ఉంది,
గీతలు నేనే కొట్టుకున్నాను, ర్యాకుల లెక్క రాసినట్టే:
పిట్ట. వచ్చిన తేదీ. వెళ్ళిన తేదీ. చూసినవాళ్ళు.
ఐదేళ్ళుగా రెండో గడి నిండుతోంది.
మూడోది ఖాళీ.
వచ్చిన రోజు ఆ రోజే తెలుస్తుంది.
వెళ్ళిన రోజు మాత్రం
మామూలు రోజులాగే ఉంటుంది.
ఇవాళ లేవు. అవతలి గట్టుకి పోయాయేమో.
రేపూ వెళ్ళాలి, పెట్రోలు పోసుకుని,
లేనివాటిని చూడటానికి.
బురద మీద సున్నా అని రాయాలన్నా
గంటసేపు బైనాక్యులర్స్ మొయ్యాలి.

ఏప్రిల్ ఇరవై ఒకటి, సున్నా.
ఇరవై రెండున, కళ్ళు మండుతుంటే,
గేదెల వెనక నూకరత్నం వచ్చింది.

"ఏటి బాబూ, ఆ నల్లపొట్టలోళ్ళ కోసమా?
ఒలమ్మ, ఆలు ఎల్లిపోనారు గదా!
మొన్న సందేళ, బాంగు అయిపోనాక,
ఈదిదీపాలు ఎలగకముందు.
మా సూడిగేది నీట్లోంచి రానని మొండికేసింది సూడు, అప్పుడు.
సర్రుమని లేసినాయి. ఓ సుట్టు తిరిగినాయి.
ఇంకో సుట్టు.
ఓటి కిందకి దిగి మళ్ళా లేసింది,
ఏటో మరిసిపోనట్టు.
కంబాలకొండ మీంచి సన్నగైపోనాయి."

మూడో గడిలో ఏప్రిల్ ఇరవై.
అక్షరాలు వంకరపోయాయి, గట్టు మీద రాయడం కదా.
నాలుగో గడిలో అలవాటుగా నా పేరు మొదలెట్టి
మొదటక్షరం కొట్టేశాను.
"ఇంటిపేరు ఏంటమ్మా?"
"నా పేరెందుకు బాబూ, కేసేటైనా ఎడతావా?"
రాశాను. గొంతిన నూకరత్నం.
చదివి వినిపించమంది.
రెండుసార్లు వినిపించాను.

తర్వాత కొంగు సర్దుకుని
గేదె మెడ మీద చెయ్యేసి నిలబడింది,
ఇక తియ్యమన్నట్టు.
పెళ్ళి కెమెరా ఈసారి తడుముకోలేదు.
రెండు ముఖాలూ చక్కగా పడ్డాయి.
గేదె వీపు మీద పసులపోలిగాడు,
ఎక్కడికీ వెళ్ళే పనిలేనివాడు,
సరిగ్గా అప్పుడే తల తిప్పాడు.
వాడొక్కడే కొంచెం మసక.